చదవడం రాని పాఠకుడు: రోమన్ ఈజిప్టులో సర్కారు కాగితం ముందు క్రైస్తవులు

తాటాకు రాశారు:

సభ్యులకు నమస్కారం. ఒక పాత కాగితం కొన్నాళ్లుగా నన్ను వదలడం లేదు. అది క్రీ.శ. 304 ఫిబ్రవరి 5న ఈజిప్టులోని ఆక్సిరింకస్ నగరంలో అధికారులకు ఇచ్చిన వాంగ్మూలం. పాపిరస్ మీద గ్రీకులో రాసి ఉంది. ఇచ్చినవాడు కోప్రేయుస్ కుమారుడు ఔరేలియస్ అమ్మోనియస్. అతడు కీసిస్ అనే గ్రామంలోని చర్చికి పాఠకుడు, అంటే ఆరాధనలో లేఖనాలను పైకి చదివి సంఘానికి వినిపించే బాధ్యత కలవాడు.

అంతకు ముందటి సంవత్సరం ఫిబ్రవరిలో డయోక్లీషియన్ చక్రవర్తి చర్చిలను కూల్చివేయాలనీ లేఖనాలను తగలబెట్టాలనీ ఆజ్ఞ జారీ చేశాడు. ఏడాది తిరిగేసరికి అది కీసిస్ దాకా వచ్చింది. ఈ కాగితంలో ఆ చర్చిని "పూర్వపు చర్చి" అని రాశారు. చక్రవర్తి సొంత ఖజానా వ్యవహారాలు చూసే అధికారుల ఉత్తర్వు మేరకు అమ్మోనియస్ తన చర్చి ఆస్తిని వెల్లడించాలి. అతడు చెప్పింది ఇది: చర్చికి బంగారం లేదు, వెండి లేదు, రొక్కం లేదు, బట్టలు లేవు, పశువులు లేవు, బానిసలు లేరు, భూమి లేదు, దానంగా గానీ వీలునామా ద్వారా గానీ సంక్రమించిన ఆస్తి లేదు. దొరికిన కంచు సామగ్రిని మాత్రం, ఈజిప్టును పాలించే ప్రిఫెక్టు క్లోడియస్ కుల్కియానస్ రాసి పంపిన ప్రకారం అలెగ్జాండ్రియాకు చేర్చడానికి, నగర ఆర్థికాధికారికి అప్పగించారు. ఇదంతా నిజమని చక్రవర్తుల భాగ్యదేవత మీద ప్రమాణం కూడా ఉంది.

నన్ను పట్టుకున్నది చివరి పంక్తి. అమ్మోనియస్‌కు అక్షరాలు రావు కనుక అతని తరఫున ఔరేలియస్ సెరెనస్ అనే వ్యక్తి సంతకం చేశాడని అక్కడ రాసి ఉంది. చదవడమే పని అయిన మనిషికి అక్షరాలు రాకపోవడం ఎలా సాధ్యం? ఈ ఒక్క పంక్తిని సరిగా అర్థం చేసుకోగలిగితే ఆ కాలపు ఈజిప్టులో రోమన్ పరిపాలనకూ క్రైస్తవులకూ మధ్య నిజంగా ఏం జరిగిందో చాలావరకు తెలుస్తుందని నా నమ్మకం. మీ అభిప్రాయాలు రాయండి.

పట్వారీ మనవడు రాశారు:

తాటాకు గారూ, మీ ప్రశ్న చదవగానే మా తాతగారు చెప్పిన మాటలు గుర్తుకు వచ్చాయి. నిజాం కాలంలో మా ఊళ్లో భాగవత పద్యాలు తప్పు లేకుండా చదివి అర్థం చెప్పే పెద్దమనిషి ఒకాయన ఉండేవారట. కచేరీలో కాగితాలన్నీ ఉర్దూలో ఉండేవి కాబట్టి అక్కడికి వెళ్తే ఆయన కూడా నిశానీదారే. బొటనవేలికి సిరా పూసుకుని ముద్ర వేసి వచ్చేవారు. ఆయన్ను చదువురానివాడని ఊళ్లో ఎవరూ అనలేదు. కాగితం మాత్రం అలాగే అన్నది.

రోమన్ ఈజిప్టులో కచేరీ భాష గ్రీకు. "అక్షరాలు రావు" అని అక్కడి లేఖరి రాశాడంటే గ్రీకు రాయడం రాదని అర్థం. పొలాల్లో, ఇళ్లలో మాట్లాడేది ఈజిప్షియన్ భాష. ఆ కాలానికే దాన్ని కాప్టిక్ లిపిలో రాయడం మొదలైంది, బైబిలు భాగాలు ఆ భాషలోకి వస్తున్నాయి. కీసిస్ వంటి పల్లెలో పాఠకుడు కాప్టిక్‌లో చదివేవాడై ఉంటాడని నేను అనుకుంటున్నాను.

ఇంకొక సంగతి, చిన్నదే అయినా చెప్పాలనిపిస్తోంది. అమ్మోనియస్ తండ్రి పేరు కోప్రేయుస్. గ్రీకులో ఆ మాట పెంటకు సంబంధించినది. ఊరి పెంటకుప్పల మీద వదిలేసిన శిశువులను తెచ్చి పెంచుకున్నప్పుడు ఆ పేరు పెట్టేవారని, తరువాత అది కుటుంబాల్లో మామూలు పేరుగా నిలిచిపోయిందని చెబుతారు. మన వైపు పుట్టిన పిల్లలు దక్కకపోతే తరువాతి బిడ్డను పెంట మీద వేసి తీసి పెంటయ్య, పెంటమ్మ అని పేరు పెట్టడం ఎరిగినవాళ్లకు ఈ పేరు వింత అనిపించదు. అమ్మోనియస్ కూడా ఒక పెంటయ్య కొడుకే.

సందేహి రాశారు:

పట్వారీ మనవడు గారి పోలిక బాగుంది గానీ దానికి ఒక గట్టి అడ్డంకి ఉంది. ఉర్దూ లిపి వేరు, తెలుగు లిపి వేరు. ఒకటి వచ్చినవాడికి మరొకటి రాకపోవడం సహజం. కాప్టిక్ లిపి అలా కాదు. అది గ్రీకు వర్ణమాలకు పాత ఈజిప్షియన్ రాతలోంచి కొన్ని అక్షరాలు చేర్చి తయారుచేసుకున్నది. కాప్టిక్ ధారాళంగా చదివేవాడు తన పేరును గ్రీకు అక్షరాల్లో, మెల్లగా, వంకరగానైనా రాయగలడు. అలా ప్రయాసపడి సంతకం చేసినవాళ్లు ఆ కాలపు పాపిరస్‌ల మీద ఎందరో కనిపిస్తారు.

కాబట్టి నేను మరొక వాదాన్ని మీ ముందు ఉంచుతున్నాను. ఇది నా సొంతం కాదు, పండితులు ముందే లేవనెత్తినదే. ఆ కాగితంలో చక్రవర్తుల భాగ్యదేవత మీద ప్రమాణం ఉంది. క్రైస్తవ మనస్సాక్షి గలవాడికి తన చేత్తో దాని కింద సంతకం పెట్టడం కష్టం. రాదని చెబితే మరొకరి చెయ్యి ఆ పని చేస్తుంది.

ఇంకొకటి గమనించండి. 303 ఆజ్ఞలో ముఖ్యంగా అడిగినవి లేఖనాలు, ఆ లేఖనాలను చేతపట్టుకునేవాడు పాఠకుడు. అయినా కీసిస్ వాంగ్మూలంలో పుస్తకాల ఊసే లేదు! బంగారం, వెండి, పశువులు అంటూ అన్నీ ఏకరువు పెట్టిన కాగితం పుస్తకాల దగ్గర మౌనంగా ఉంది. చదవడం రాదని చెప్పినవాణ్ని పుస్తకాలేవని ఎవరు అడుగుతారు? ఈ రెండూ కలిపి చూస్తే అక్కడ ఒక మనిషి తెలివిగా, ధైర్యంగా ఏదో కాపాడుకున్నాడని నాకు తోస్తుంది.

తాటాకు రాశారు:

సందేహి గారూ, పుస్తకాల గురించి మీరు చెప్పింది నేను ఇంత స్పష్టంగా ఆలోచించలేదు. ధన్యవాదాలు. అయితే ప్రమాణం విషయంలో నాకు ఒప్పుదల లేదు. సెరెనస్ రాసిన పంక్తి అమ్మోనియస్ నోటితో మాట్లాడుతుంది: "అమ్మోనియస్ అనే నేను పైన చెప్పిన ప్రకారం ప్రమాణం చేశాను" అని ముందు ఉండి, తరువాతే అతని బదులు సంతకం చేసినట్టు ఉంది. చట్టం దృష్టిలో ప్రమాణం అతనిదే. చేతిని తప్పించుకున్నా మాటను తప్పించుకోలేకపోయాడు. దీనివల్ల అతని మనస్సాక్షికి ఊరట కలిగి ఉంటుందా?

గ్రీకు పలక రాశారు:

ఇక్కడ ఒక్క కాగితం చుట్టూ తిరుగుతున్నాం కనుక, దానికి ముందు వెనుక ఉన్న మరికొన్నింటిని పక్కన పెడితే వెలుతురు వస్తుందేమో.

212లో కరకల్లా చక్రవర్తి సామ్రాజ్యంలోని స్వతంత్రులైన ప్రజలందరికీ దాదాపుగా రోమన్ పౌరసత్వం ఇచ్చాడు. కొత్త పౌరులు అతని వంశనామమైన ఔరేలియస్‌ను పెట్టుకున్నారు. ఈజిప్టు కాగితాల్లో ప్రతి రెండో మనిషీ ఔరేలియస్ కావడానికి కారణం అదే. దీనితో పాటు ఇంకొక సంగతిని మనం సాధారణంగా గుర్తించం. ప్రతి మనిషినీ విడివిడిగా, అతని పేరు, తండ్రి పేరు, ఊరు, వయసు, ఒంటి మీది పుట్టుమచ్చతో సహా సర్కారు ఎరిగి ఉండే అలవాటు ఈజిప్టులో జనాభా లెక్కల ద్వారా, పన్ను రసీదుల ద్వారా ముందే స్థిరపడి ఉంది. 249 చివరలో డీసియస్ చక్రవర్తి సామ్రాజ్య ప్రజలందరూ దేవతలకు బలి అర్పించాలని ఆజ్ఞ ఇచ్చినప్పుడు, ఆ పన్ను రసీదు అలవాటే పూజ రసీదుగా మారింది.

ఆ ధ్రువపత్రాలు ఈజిప్టు ఇసుకలో నలభైకి పైగా దొరికాయి. ఎక్కువ భాగం ఫయూమ్ ప్రాంతంలోని థియాడెల్ఫియా గ్రామానివి, అన్నీ 250 వేసవిలోనివే. వాటిలో ఒకటి అలెగ్జాండర్ ద్వీపం అనే గ్రామానికి చెందిన సటబూస్ కుమారుడు ఔరేలియస్ డయోజెనిస్‌ది. వయసు 72, కుడి కనుబొమ మీద మచ్చ అని గుర్తులు రాశారు. తాను ఎల్లప్పుడూ దేవతలకు బలులు ఇస్తూనే ఉన్నాననీ, ఇప్పుడు ఆజ్ఞ ప్రకారం అధికారుల సమక్షంలో బలి ఇచ్చి, పానీయం ధారపోసి, నైవేద్యం రుచి చూశాననీ, దీనిని ధ్రువీకరించమనీ అతడు అడుగుతున్నాడు. కింద తేదీ జూన్ 26. చెప్పుకోదగ్గ మరొక పత్రం అమ్మోనూస్ అనే స్త్రీది. ఆమె ఆర్సినోయేలో మొసలి దేవుడు పెటెసూకోస్‌కు పూజారిణి. గుడిలో సేవ చేసే పూజారిణి కూడా పూజ చేశానని రసీదు తీసుకోవలసి వచ్చింది! అంటే ఆ ఆజ్ఞ క్రైస్తవులను పేరు పెట్టి వెతకలేదు. అందరినీ ఒకే వరుసలో నిలబెట్టింది, ఆ వరుసలో నిలబడలేనివాళ్లు వాళ్లంతట వాళ్లే బయటపడ్డారు.

303 నాటికి పద్ధతి మారింది. మొదట చర్చి ఆస్తి, కట్టడం, పుస్తకాల మీద, న్యాయస్థానానికి వచ్చేవాళ్ల మీద దెబ్బ పడింది. ఆ కాలానిదే ఒక ఉత్తరం ఉంది. కోప్రెస్ అనే అతను తన సరాపియాస్‌కు రాస్తాడు. (ఆమెను "సోదరి" అని సంబోధించాడు, ఈజిప్టులో భార్యను కూడా అలా పిలిచేవారు.) భూమి వ్యాజ్యం కోసం ఊరు దాటి వచ్చాడు. కోర్టుకు హాజరయ్యేవాళ్లు ముందు బలి ఇవ్వాలని అక్కడికి వచ్చాక తెలిసింది. అందుకని తన సోదరుడి పేర ముక్త్యారునామా (తన బదులు వ్యవహరించే అధికారపత్రం) రాసి ఇచ్చాడు. ఇంత పెద్ద విషయాన్ని అతను రెండు మూడు పంక్తుల్లో చెప్పి, వకీలుతో మాట్లాడామని, పొలం సంగతి ఏమైందో మళ్లీ రాస్తానని ముందుకు సాగిపోతాడు. ఉత్తరం చివర 99 అనే అంకె ఉంది. "ఆమేన్" మాటలోని గ్రీకు అక్షరాల విలువలు కూడితే వచ్చే సంఖ్య అది.

అమ్మోనియస్‌కు సెరెనస్ చెయ్యి, కోప్రెస్‌కు సోదరుడి చెయ్యి. సందేహి గారి వాదానికి ఇది కొంత బలం ఇస్తుందని నాకు అనిపిస్తోంది.

ఆదివారం బడి రాశారు:

నేను ఈ వేదికలో ఎక్కువగా చదువుతాను, తక్కువగా రాస్తాను. మా సంఘంలో ప్రభు సంస్కారానికి ముందు నీకేయ విశ్వాస ప్రమాణం చెప్పుకుంటాం. దాని వెనుక అలెగ్జాండ్రియా వాళ్ల పోరాటం ఉందని చిన్నప్పటి నుంచి వింటున్నాను. ఇక్కడి చర్చ విలువైనదే కానీ నా మనసుకు కొంచెం కష్టంగా ఉంది. ముక్త్యారునామాతో తప్పించుకున్నవారి గురించి, చదవడం రాదన్నవారి గురించి ఇంత రాశారు. తప్పించుకోవడానికి ఒప్పుకోకుండా ప్రాణం ఇచ్చినవారి గురించి ఒక్క మాటా రాలేదు. కాప్టిక్ క్రైస్తవులు నేటికీ తమ సంవత్సరాలను డయోక్లీషియన్ గద్దెనెక్కిన 284 నుంచే లెక్కిస్తారు. దానిని వాళ్లు హతసాక్షుల శకం అంటారు. ఆ లెక్కకు కారణమైనవాళ్లు కూడా ఈ కచేరీల ముందు నిలబడినవాళ్లే కదా.

తాటాకు రాశారు:

మీ మాట న్యాయమైనది. పైగా అది నేను మొదట చెప్పిన కాగితానికి నేరుగా తగులుతుంది, ఎందుకంటే కీసిస్ కంచును అలెగ్జాండ్రియాకు పంపమన్న కుల్కియానసే థ్మూయిస్ నగర బిషప్పు ఫిలియాస్‌ను విచారించిన ప్రిఫెక్టు.

ఆ విచారణ పాఠం పాపిరస్‌ల మీద మనకు దక్కింది. ప్రశ్న, జవాబు, ప్రశ్న, జవాబు అన్నట్టు కోర్టు చిట్టా తీరులోనే సాగుతుంది. ఫిలియాస్ గొప్ప ఆస్తిపరుడు, చదువుకున్నవాడు, పదవులు చేసినవాడు. కుల్కియానస్ అతన్ని చంపాలని తొందరపడలేదు, బతికించాలనే ఎంతో ప్రయత్నించాడు. నీవు లేమి వల్ల తెగించిన పల్లెటూరివాడివైతే నిన్ను ఇంతసేపు సహించేవాణ్ని కాదు, నీకున్న సంపద నీకే కాదు, రాష్ట్రమంతటికీ సరిపోతుంది అన్న అర్థం వచ్చేలా మాట్లాడతాడు. భార్యాపిల్లలను తలచుకోమంటాడు. న్యాయవాదులు, కచేరీ సిబ్బంది, నగర ఆర్థికాధికారి ఫిలియాస్ పాదాలు పట్టుకుని బతిమాలతారు. అతడు చలించడు. శిక్ష అమలవుతుంది.

అమ్మోనియస్ దగ్గర కంచు తీసుకున్నదీ, ఫిలియాస్ పాదాలు పట్టుకున్నదీ ఒకే హోదా ఉన్న అధికారులు, వేరువేరు ఊళ్ల వాళ్లయినా. ఫిలియాస్ వాళ్లకు తమ తోటి నగర పెద్ద. అతడు పోతే ఆ ఊరి పన్నుల బాధ్యత మోసే భుజం ఒకటి తగ్గుతుంది. ఇది చెప్పడం వల్ల ఫిలియాస్ త్యాగం ఏమాత్రం చిన్నది కాదు. అన్ని దారులు తెరిచి ఉండగా ఒక్క దారినే ఎంచుకున్నాడు. కుల్కియానస్ సంగతికి వస్తే, 313లో తూర్పు ప్రాంతాల చక్రవర్తి మాక్సిమినస్ పతనం తరువాత అతడు కూడా మరణశిక్ష పొందాడు.

సందేహి రాశారు:

ఫిలియాస్‌కు తెరిచి ఉన్న దారులు కీసిస్ పాఠకుడికి లేవని కూడా గుర్తుంచుకోవాలి. పల్లెటూరివాడికి కుల్కియానస్ ఓర్పు దొరకదని కుల్కియానసే చెప్పాడు.

నైలు ఒడ్డు రాశారు:

మీరందరూ 250 నుంచి 303కు ఒక్క గెంతు వేశారు. మధ్యలో 256 ఉంది. ఆ సంవత్సరం ఫిబ్రవరి 28న ఆక్సిరింకస్ నగర మండలి అధ్యక్షుడు మెర్మెర్థా గ్రామ పెద్దలకూ కావలి అధికారులకూ పంపిన సమను కొద్ది పంక్తులదే: హోరస్ కుమారుడు పెటోసొరాపిస్, క్రైస్తవుడు, అతన్ని వెంటనే పంపండి, లేకపోతే మీరే రండి. ఏ నేరానికో రాయలేదు. "క్రైస్తవుడు" అన్నది అక్కడ నేరమా, లేక "మచ్చ ఉన్నవాడు", "నేతగాడు" అన్నట్టు మనిషిని గుర్తుపట్టే ఆనవాలా అని పండితులు వాదించుకుంటారు. నేను ఆనవాలు వైపే మొగ్గుతాను. క్రైస్తవుడు అనగానే ఊళ్లో అతనెవరో తెలిసేది. పైగా ఆ పెటోసొరాపిస్ అన్న పేరులోనే ఈజిప్టు దేవుడు సరాపిస్ ఉన్నాడు! పైన వచ్చిన సరాపియాస్ సంగతీ అంతే.

డయోక్లీషియన్ హింసకు కొన్నేళ్ల ముందే ఆక్సిరింకస్‌లో రాత్రి కావలివాళ్ల జాబితాలో ఉత్తరపు చర్చి వీధి, దక్షిణపు చర్చి వీధి అన్న గుర్తులు వస్తాయి. గుళ్లు, స్నానశాలలు, చర్చిలు, ఇవన్నీ కావలివాడి దృష్టిలో వీధి మలుపులు. పరిపాలన క్రైస్తవులను హఠాత్తుగా కనిపెట్టలేదు. వాళ్లు ఎక్కడ ఉంటారో దానికి ముందే తెలుసు.

పట్వారీ మనవడు రాశారు:

నైలు ఒడ్డు గారు చెప్పిన సమనులో "లేకపోతే మీరే రండి" అన్న మాట దగ్గర ఆగుదాం. రోమన్ ఈజిప్టు పరిపాలనకు ఆయువుపట్టు అదే. గ్రామ పెద్ద, కావలి అధికారి, పన్ను వసూలుదారు, వీళ్లలో ఎక్కువమంది జీతగాళ్లు కారు. ఆస్తి ఉన్నవాళ్లను వంతుల ప్రకారం ఎంపిక చేసి ఆ పని నెత్తిన పెట్టేవారు. మన మాటల్లో చెప్పాలంటే ఆస్తిపరుల వెట్టి. మనిషిని పట్టి ఇవ్వకపోతే పెద్దనే పట్టుకుపోతారు, శిస్తు తగ్గితే అతని ఆస్తి జప్తు అవుతుంది. ఇలాంటి పెద్ద, తన ఊరి పాఠకుణ్ని ఎంత గట్టిగా నిలదీస్తాడు? వాళ్లిద్దరూ ఒకే కాలువ నీళ్లు పారించుకునేవాళ్లు. కాగితం పూర్తయితే చాలునని పెద్దకు ఉంటుంది.

ఆ గ్రామాల లోపల ఏం మారిందో చూపే ఉదంతం ఒకటి చెప్పి ముగిస్తాను. 324 జూన్‌లో, అంటే తూర్పును ఏలే తోటి చక్రవర్తి లిసీనియస్‌ను ఓడించి కాన్‌స్టాంటైన్ ఈజిప్టును చేజిక్కించుకోవడానికి కొన్ని నెలల ముందు, కరానిస్ గ్రామపు రైతు ఇసిదోరస్ ఒక అర్జీ పెట్టుకున్నాడు. పొరుగువాళ్ల ఆవు తన పొలంలో పడి పైరు మేసేసింది. అతను ఆవును పట్టుకుని ఊళ్లోకి తోలుకు వస్తుంటే, బందెలదొడ్డి తగాదాలు చూసినవాళ్లకు ఇది కళ్లకు కట్టినట్టు ఉంటుంది, యజమానులు దుడ్డుకర్రతో ఎదురొచ్చి, కింద పడేసి కొట్టి, ఆవును లాక్కుపోయారు. అటుగా వస్తున్న డీకన్ (చర్చి పరిచారకుడు) ఆంటోనినస్, సన్యాసి ఇసాక్ అడ్డుపడకపోతే తన ప్రాణాలే పోయేవని ఇసిదోరస్ రాశాడు. క్రైస్తవ సన్యాసిని "మొనఖోస్" అనే మాటతో పేర్కొన్న తేదీ గల పత్రాల్లో మనకు దొరికిన మొదటిది ఇదే. ఆ మాట అర్జీ అందుకునే అధికారికి విడమరచి చెప్పవలసిన అవసరం ఇసిదోరస్‌కు కనబడలేదు. 20 ఏళ్ల కిందట కంచు అప్పగించిన వర్గపు మనుషులు ఇప్పుడు సర్కారు అర్జీలో మర్యాదస్తులైన సాక్షులు.

సందేహి రాశారు:

సన్యాసి మాట వచ్చింది కనుక పన్నుల మాట తప్పదు. గ్రీకులో "అనఖోరేసిస్" అంటే వెనక్కి వెళ్లిపోవడం. ఈజిప్టు కచేరీ కాగితాల్లో శతాబ్దాలుగా ఆ మాటకు ఉన్న అర్థం పరారీ: శిస్తు కట్టలేని, వెట్టి మోయలేని రైతు ఊరు వదిలి ఎడారిలోకో, చిత్తడి నేలల్లోకో వెళ్లిపోవడం. ఎడారిలో ఏకాంతంగా ప్రార్థించే తాపసికి క్రైస్తవులు పెట్టుకున్న పేరు కూడా ఆ ధాతువు నుంచే వచ్చింది. ఎడారి తాపసి ఆంటోనీ చరిత్ర రాసిన అలెగ్జాండ్రియా బిషప్పు అథనేసియస్, ఆ కొండల్లోని సన్యాసుల మధ్య పన్ను వసూలుదారు గురించిన గొణుగుడు వినిపించదని ప్రత్యేకంగా చెబుతాడు. పన్నుల బాధ ఎరిగినవాళ్ల కోసం రాసిన వాక్యం అది.

సర్కారుకు ఈ రెండు పరారీల మధ్య తేడా ఎప్పుడూ స్పష్టంగా కనిపించలేదు. కాన్‌స్టాంటైన్ మతాధికారులను వెట్టి బాధ్యతల నుంచి మినహాయించాడు. దాంతో నగర మండలుల్లోని ఆస్తిపరులు చర్చి పదవుల వైపు నడిచారు, వెంటనే వాళ్లను ఆపే చట్టాలు వచ్చాయి. 370ల తొలి రోజుల్లో వాలెన్స్ చక్రవర్తి, మతం నెపంతో నగర బాధ్యతలు ఎగ్గొట్టి ఈజిప్టు సన్యాసుల గుంపుల్లో చేరినవారిని వాళ్ల దాపుల్లోంచి లాగి తెచ్చి మళ్లీ పనిలో పెట్టమని ఆజ్ఞాపించాడు. అలా వెళ్లినవాళ్లందరూ నెపంతోనే వెళ్లారని నేను అనను. ఒకే మనిషిలో రెండు కారణాలూ ఉండవచ్చు.

గ్రీకు పలక రాశారు:

సందేహి గారు చెప్పినదానికి ఒక ఉత్తరం జత చేస్తాను. 340లలో ఫయూమ్‌లోని డయోనీసియాస్ కోటలో గుర్రపు దళానికి అధిపతి ఫ్లేవియస్ అబిన్నేయస్. కావోర్ అనే గ్రామ మతాధికారి అతనికి రాసిన ఉత్తరం భాష తప్పులతడక. కానీ హృదయం ఉన్నది. పౌలు అనే సైనికుడు దళం వదిలి పారిపోయాడు. ఈ ఒక్కసారికి క్షమించమని, తనకు ఇప్పుడు రావడానికి తీరిక లేదని, మళ్లీ పారిపోతే ఎలాగూ మీ చేతికే చిక్కుతాడని అతను అడుగుతాడు. పరారైనవాడికీ పల్టనుకూ మధ్య పల్లె మతాధికారి నిలబడ్డాడు. తరువాతి శతాబ్దాల్లో బిషప్పులు చక్రవర్తుల ఎదుట చేసిన పని ఇక్కడ చిన్న కొలతలో కనిపిస్తుంది.

పెద్ద కొలతలో దాని రూపం ధాన్యం. ఈజిప్టు గోధుమలతోనే కొత్త రాజధాని కాన్‌స్టాంటినోపుల్ తిన్నది. 335లో అథనేసియస్‌ను గాల్ దేశంలోని ట్రియర్‌కు వెళ్లగొట్టడానికి కారణమైన ఆరోపణ, అతను అలెగ్జాండ్రియా నుంచి ధాన్యం ఓడలు కదలకుండా ఆపగలనని బెదిరించాడన్నది. తాను పేదవాణ్ననీ, ఏ పదవీ లేనివాణ్ననీ అతడు మొత్తుకున్నాడు. ఆరోపణ నిజమా అబద్ధమా అన్నదాని కంటే, ఒక బిషప్పు ఆ పని చేయగలడని చక్రవర్తి నమ్మడం ముఖ్యం. నీకేయలో కూడిన బిషప్పుల మహాసభ 325లోనే ఈజిప్టు, లిబియా, పెంటపొలిస్‌ల మీద అలెగ్జాండ్రియా బిషప్పు అధికారాన్ని పాత ఆచారంగా ఖాయం చేసింది. డయోక్లీషియన్ మొదలుకొని చక్రవర్తులు ఈజిప్టును ముక్కలుగా విభజిస్తూ, మళ్లీ కలుపుతూ వచ్చారు. ప్రిఫెక్టులు కొద్ది ఏళ్లకే మారిపోయేవారు. అథనేసియస్ అయిదుసార్లు వెళ్లగొట్టబడినా 328 నుంచి 373 వరకు బిషప్పుగానే ఉన్నాడు. సుమారు నూరుమంది బిషప్పులు ఒకే మనిషి మాట వినే వ్యవస్థ ఆ దేశంలో మరే శాఖకూ లేదు.

ఆదివారం బడి రాశారు:

నా ప్రశ్నకు ఓపికగా జవాబిచ్చినందుకు కృతజ్ఞతలు. మరొక సందేహం. క్రీస్తు స్వభావం గురించి బిషప్పులు నిర్ణయం చేసిన 451 కల్సిదోను మహాసభ తరువాత ఈజిప్టు క్రైస్తవులు చక్రవర్తి పక్షానికి ఎదురు తిరిగారని, అది గ్రీకు భాషా పాలకుల మీద ఈజిప్షియన్ జాతి తిరుగుబాటు అని ఒకచోట చదివాను. అది నిజమేనా?

నైలు ఒడ్డు రాశారు:

ఎదురు తిరిగిన మాట నిజం. జాతి తిరుగుబాటు అన్నది తరువాతి కాలపు కళ్లద్దాలతో చూసిన చూపు. కల్సిదోను మహాసభ ఈజిప్టు పేట్రియార్కు, అంటే అలెగ్జాండ్రియా బిషప్పు, డయోస్కోరస్‌ను తొలగించింది. అతని స్థానంలో వచ్చిన ప్రొటీరియస్‌ను 457లో అలెగ్జాండ్రియా జనం చంపేశారు. కానీ ఆ వ్యతిరేకులు వాదించినది గ్రీకులోనే, పాడినదీ గ్రీకులోనే, కాప్టిక్‌తో పాటుగా. వాళ్లు కోరుకున్నది సరైన విశ్వాసం గల చక్రవర్తిని, చక్రవర్తి లేని దేశాన్ని కాదు.

ఆరో శతాబ్దపు అఫ్రొడిటో గ్రామం చూడండి. అక్కడి డయోస్కోరస్ (పేట్రియార్కు కాదు, వేరే మనిషి) న్యాయ వ్యవహారాలు తెలిసినవాడు, కాప్టిక్ వచ్చు, గ్రీకులో పద్యాలు కట్టేవాడు. అతని తండ్రి అపొల్లోస్ గ్రామ పెద్దగా పనిచేసి, తరువాత సన్యసించి ఒక మఠాన్ని స్థాపించాడు. ఆ ఊరికి తన పన్నును తానే వసూలు చేసి నేరుగా కట్టుకునే హక్కు ఉండేది. జిల్లా అధికారులు దాన్ని కాజేయబోతే ఊరివాళ్లు ఫిర్యాదును కాన్‌స్టాంటినోపుల్ దాకా తీసుకువెళ్లారు. 551లో డయోస్కోరస్ స్వయంగా అక్కడ ఉన్నాడు. మతాధికారులూ భూస్వాములూ పక్కపక్కన సంతకాలు పెట్టే ఊరు అది. చర్చిలూ మఠాలూ అక్కడ భూములు కౌలుకు ఇస్తాయి, శిస్తు కడతాయి.

తాటాకు రాశారు:

ఇంతమంది ఇన్ని చోట్ల నుంచి తెచ్చిన కాగితాలను పక్కపక్కన పెట్టుకుని అమ్మోనియస్ వాంగ్మూలాన్ని నిన్న రాత్రి మళ్లీ చదివాను. రెండు విషయాల్లో నా అభిప్రాయం మారింది.

మొదటిది, "బంగారం లేదు, బానిసలు లేరు, భూమి లేదు" అన్న జాబితా అమ్మోనియస్ తట్టి తట్టి గుర్తుచేసుకున్నది అయి ఉండదు. అది పై నుంచి వచ్చిన నమూనా. అటువంటి నమూనా తయారైందంటే 304 నాటికే కొన్ని చర్చిలకు బానిసలూ భూములూ వీలునామాల ద్వారా వచ్చిన ఆస్తులూ ఉంటాయని ఖజానా అధికారులు ఎదురుచూశారన్న మాట. అఫ్రొడిటోలో కనిపించే భూస్వామి చర్చిని వాళ్లు రెండున్నర శతాబ్దాల ముందే తమ గడుల్లో ఊహించారు. కీసిస్ పేద ఊరు. అన్ని గడులకూ "లేదు" అనే సమాధానం వచ్చింది.

రెండవది పుస్తకాల మౌనం. సందేహి గారు దాన్ని అమ్మోనియస్ తెలివిగా చూశారు. నాకు ఇప్పుడు అది అడిగినవాళ్ల శాఖగా కనిపిస్తోంది. ఈ వాంగ్మూలం కోరింది ఖజానా. ఖజానాకు వెల కట్టగలిగేవి కావాలి. పుస్తకాలు తగలబెట్టడం మరొకరి పని, దానికి మరొక కాగితం ఉండి ఉండాలి. అందువల్ల అమ్మోనియస్ ఈ కాగితంలో పుస్తకాల గురించి అబద్ధం చెప్పవలసిన అవసరమే రాలేదు. ప్రమాణం చేసినా అతని మాట తప్పు కాలేదు. అయితే సంతకం దగ్గర నేను సందేహి గారి వైపు కొంత జరిగాను. కోప్రెస్ ముక్త్యారునామా చదివాక, మరొకరి చెయ్యి అడ్డం పెట్టుకోవడం ఆ రోజుల్లో క్రైస్తవులకు తెలిసిన దారేనని ఒప్పుకుంటున్నాను.

సందేహి రాశారు:

ఖజానా, పుస్తకాలు వేరు వేరు కాగితాలన్న మీ మాటను అంగీకరిస్తున్నాను. దాన్ని నేను చూడలేదు. అయినా ఒక్కటి మిగులుతుంది. అధికారులకు కంచు చేరింది, అది ఓడలో నైలు మీదుగా కిందికి, అలెగ్జాండ్రియాకు పోయింది. కీసిస్‌లో మళ్లీ ఎప్పుడో సంఘం కూడినప్పుడు, పల్లెకు ఎవరో ఒకరు లేఖనం చదివి వినిపించే ఉంటారు. అది అమ్మోనియసే అయి ఉండాలని నా కోరిక.